తగలని దెబ్బకీ లెక్కుంది

క్యాంటీన్ టీవీ రిమోట్ ఆ జూన్‌లో
గుజ్జు డ్రమ్ములో పడిందో, ఎవరి సంచిలో పోయిందో,
నెల్లాళ్ళు ఛానెల్ మారలేదు.
రాత్రి షిఫ్టు టీ టయానికి
ఎవురూ చూడని ఆట ఒకటి, పచ్చగా, గొంతు తగ్గించి.
"గడ్డి పెరిగేది చూపిస్తా ఉండారు" అని
నదియా నవ్వి గ్లాసు కడుక్కోను పోయింది.
నేను ఉండిపోయినాను.

నీల్డా ఓవెలార్. దేశం పరాగ్వే.
వాళ్ళ ఊరు చూపించినారొకసారి:
బస్టాండు, ఎండలో కుక్క,
మా బంగారుపాళెం రోడ్డు పక్క మాదిరే ఎర్రమన్ను.
వాళ్ళమ్మ బస్సులో టికెట్లు కొట్టేదంట.

ఆట మెల్లిగా తెలిసొచ్చింది.
తక్కువ కొట్టినోళ్ళు గెలుస్తారు.
ఇట్లాంటిది ఒకటుందని
నాకు నలభై ఏండ్లకి గానీ ఎవురూ చెప్పలేదు.

ఇరవై మూడేండ్లప్పుడు వానలో ఒక కప్పు గెలిచింది.
అంతే.
తర్వాత ఎనిమిదేండ్లు
పదిహేడో చోటు, నలభయ్యో చోటు,
శుక్రవారం పొద్దుగూకే వేళకి
కట్ కాడ ఒక్క దెబ్బ ఎక్కువై ఇంటిదారి.
ఎడమ మణికట్టుకి కోత, కుట్లు.
ఆడే కార్డు పోయింది.
తనలో సగం వయసు పిల్లల మధ్యలో నిలబడి
మళ్ళీ పరీక్షకి కూర్చున్నట్టు ఆడి తెచ్చుకుంది.

కార్డు సంగతి నాకు ఇంకొకరు చెప్పబళ్ళేదు.
పదకొండు సీజన్లు ల్యాబులో
గుజ్జు తీపి కొలిచినదాన్ని.
మే నెల వస్తే గేటు కాడ నిలబడి
నా ఫోటో మీద కొత్త ముద్ర కోసం చూడాల.
ఆగస్టుకి కాయ అయిపోతుంది,
నేనూ అయిపోతాను.

ఒక రాత్రి
కర్ర మోపేటప్పుడు బంతి కదిలింది, గోరంత.
కెమెరా చూడలేదు. పక్కనామె చూడలేదు.
నీల్డా చెయ్యెత్తి పెద్దాయన్ని పిలిచి
తన మీద తనే ఒక దెబ్బ వేసుకుంది.
ఆ ఒక్కదాంతో రెండో కప్పు పోయింది.
"పిచ్చిదా ఏంది?" అనింది నదియా.
నా టీ చల్లారిపోయింది.

పోయిన సీజన్ ఆఖర్లో నలభై డ్రమ్ముల లాటు.
తోతాపురి, వాన తాగిన కాయ.
గాజు మీద బొట్టు వేసి వెలుగుకి పెడితే
నీలం అంచు పదమూడు కాడ నిలిచింది.
పద్నాలుగు బ్రిక్స్ ఉండాల.
మునిశేఖర్ సారు నా భుజం ఎనకనుంచి
"పద్నాలుగని రాయి మా, ఓడ మనకోసం ఆగదు" అన్నాడు.
తుడిచినాను. ఇంకో బొట్టు.
పదమూడు.
పదమూడని రాసి కింద సంతకం పెట్టినాను.
ధైర్యమని అనను.
గీత అక్కడుంది, అంతే.

ఈ మే నెల గేటు కాడ నా ఫోటో లేదు.

ఇప్పుడు మండీలో లారీలకి చీటీలు రాస్తా ఉండా.
నిన్న నదియా ఫోన్ చేసింది.
నీల్డాకి ఈ ఏడాదే ఆఖరంట, ముప్పై ఆరు నిండినాయంట.
"నువ్వెట్లా చూసినావే?" అంటే
రిమోట్ దొరికింది గానీ
మార్చబుద్ధి కాలేదక్కా, అనింది.

తెల్లారగట్ల నాలుగు.
రోడ్డు పొడుగునా లారీలు, పసరు వాసన.
రాలిన పచ్చికాయ ఒకటి, కోడిగుడ్డంత.
గొడుగు తిరగేసి, కొక్కెం కిందికి పట్టి,
మోకాళ్ళు రవ్వంత వంచి,
నీల్డా మాదిరి తల దించుకోని
ఊపినాను.
గాలి తప్ప ఏమీ తగల్లేదు.

లారీ కింద పడుకున్న క్లీనర్ పిల్లోడు లేచి
"ఏమ్మా, పామా?" అన్నాడు.
"లేదు నాయనా, పడుకో."
చీటీ ఎనకాల ఒకటి అని రాసుకోని
మళ్ళీ కాయ కాడ నిలబడినాను.